మగ్గం గుంతలో గుమ్మడితీగ

నాకు సంతోషం వస్తే నోరు ఆగదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నాకు పదేళ్లప్పుడే తేల్చేసింది, ఆ మాట వాడకట్టంతా చాటేసింది కూడా. పిల్లి ఈనిందన్నా, వీధి కుళాయిలో నీళ్లొచ్చాయన్నా ముందు అరవాల్సింది నేనే. ఇప్పుడు చెప్పబోయేది ఆ నోటితో నేను ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంటి అన్నం పళ్లాల మీద పిడుగు వేసిన సంగతి.

మాది షోలాపూర్‌లో దాజీ పేట్. తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన కుటుంబం. ముందు ఒక గది, పక్కన వంటిల్లు, వెనక మగ్గం గది. ఆ వెనక గదిలో మా బాపు గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. నేలలో తొడల లోతు గుంత తవ్వి ఉంటుంది. గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి వేలాడేసి, కింద చెక్కలు తొక్కుతూ నేయాలి. అక్కా నేనూ ఆ గట్టు పట్టుకునే నిలబడడం నేర్చుకున్నాం. బాపు టీకి లేచినప్పుడల్లా గుంతలోకి దిగి దాగుడుమూతలు ఆడేవాళ్లం. నేను ఐదో తరగతిలో ఉండగా చేతి మగ్గం అన్నం పెట్టడం మానేసింది. బాపు మగ్గం విప్పి అటకెక్కించి, టవళ్లు నేసే పవర్‌లూమ్ షెడ్డుకు పనికి పోవడం మొదలుపెట్టాడు. అమ్మ మాత్రం ఎప్పటిలాగే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది.

గుంత అలాగే మిగిలిపోయింది. దాన్ని రాళ్లూ సిమెంటూ వేసి మూసేయడానికి బాపు ససేమిరా ఒప్పుకోలేదు. "అన్నం పెట్టిన గుంత. దాంట్ల రాళ్లు కొట్టద్దని మా నాయిన చెప్పి పోయిండు" అనేవాడు. కొన్నేళ్లకు ఒక గాలివానకు వెనక గది మీది రేకులు లేచిపోయాయి. మళ్లీ వేయించే ఓపిక ఎవరికీ లేకపోయింది. గది కాస్తా పెరడైంది, గుంతలోకి ఎండ పడింది. అప్పుడు అమ్మకు ఉపాయం తట్టింది. గుంత గట్లు పారతో కాస్త చెక్కి, ఆ మట్టినే లోపలికి నెట్టి, కత్తిరించగా మిగిలిన బీడీ ఆకు ముక్కలు గంపలకొద్దీ కలిపి, నాలుగు గుమ్మడి గింజలు పెట్టింది. రాళ్లు పడలేదు కాబట్టి తాత మాట నిలిచింది. నేతగాళ్ల ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఇంత చక్కటి తప్పు జరగదు. తవ్వి పెట్టిన గుంత ఊరికే ఎందుకు పోవాలి?

ఆ తీగ ఏం పెరిగిందనుకున్నారు! పందిరి దాటింది, గోడ ఎక్కింది, పక్కింటి వాళ్ల నీళ్ల టాంకీని చుట్టుకుంది. ఒక్కో కాయ ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. అమ్మ దాన్ని మరాఠీలో భోపళా అనేది, మురిపెం వచ్చినప్పుడు 'నా బంగారు భోపళా' అనేది. ఆ ఏడు అక్కను కాన్పుకు తీసుకొచ్చాం. అక్క అత్తగారిల్లు అశోక్ చౌక్ దగ్గరే, నడిస్తే పావుగంట. అయినా ఏడో నెల పడగానే పుట్టింటికి రావాల్సిందే. వచ్చిన రోజు నుంచీ అమ్మ ఆమెకు గుమ్మడికాయ కూర పెడుతూనే ఉంది. రక్తం పడుతుందట, బిడ్డకు బలమట.

నేను అప్పటికి ఒక కాలేజీలో కెమిస్ట్రీ లాబు అసిస్టెంటును. ఇప్పటికీ అదే ఉద్యోగం. బీకర్లు కడుగుతాను, ద్రావణాలు కలుపుతాను, మేడం పెద్ద క్లాసు పిల్లలకు చెప్పే పాఠాలు పైసా కట్టకుండా ఫుకట్‌గా వింటాను. ఆ శనివారం మేడం మట్టిలో పడ్డ పాత పురుగుమందుల గురించి చెబుతోంది. ఆమె మరాఠీ మనిషి, నేను తెలుగు చేసి చెబుతున్నాను.

డీడీటీ లాంటివి నూనె జాతి మందులు, నీళ్లలో కరగవు. మట్టిలో పడితే మట్టినే కరుచుకుని ఏళ్ల తరబడి కూర్చుంటాయి. చాలా మొక్కల వేళ్లు నీళ్లు తాగి వీటి జోలికి పోవు. క్యారెట్ లాంటి దుంపలకైతే చాలావరకు తొక్కకు అంటుకుని ఆగిపోతాయి.

"కానీ గుమ్మడి జాతి వేరు," అంది మేడం.

నా చేతిలో బీకరు ఆగిపోయింది. గుమ్మడా?

గుమ్మడి వేళ్లు మట్టి కరుచుకున్న మందును విడిపించి లోపలికి లాగుతాయట. దాని రసంలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయట. అవి ఆ నూనె మందును భుజాన వేసుకుని కాడలోకి, ఆకులోకి మోసుకుపోతాయట. అన్ని రకాల గుమ్మడీ ఒకేలా లాగదు, కొన్ని మరీ గట్టివి. కాయకు చేరేది తక్కువే. కానీ చేరుతుంది.

నా ఒళ్లు జలదరించింది, సంతోషంతో! మా ఇంటి తీగ! మా అమ్మ పొద్దున్నే పలకరించే తీగ! నోరూ వాయీ లేని మొక్క, మట్టి అడుగున దాక్కున్న దాన్ని పసిగట్టి పైకి మోస్తుందా? వెంటనే నా కళ్ల ముందు బాపు చెయ్యి కదిలింది. మగ్గానికి కొత్త పడుగు దారాలు ఎక్కించిన ప్రతిసారీ బాపు గుంత ఊడ్చి, కిరాణా కొట్టులో పొట్లం కట్టి ఇచ్చే తెల్లటి డీడీటీ పౌడర్ చల్లేవాడు. పడుగుకు పట్టించిన గంజికి చీమలూ బొద్దింకలూ వస్తాయి, గుంతలో కాళ్లు పెట్టుకున్న మనిషికి చీమ కుడితే నేత తప్పుతుంది. పసుపు, కుంకుమ, ఆ తర్వాత పౌడర్. అదే వరస, ఎన్నో ఏళ్లు. అంటే మా గుంతలో మందు ఉంది, మందు లాగే తీగా ఉంది. పుస్తకంలో ఉన్నది మా పెరట్లో ఉంది!

సగం పూట సెలవు. షేర్ ఆటో కోసం ఆగలేదు. భవాని పేట్ సందుల్లోంచి, మగ్గాల చప్పుడు మధ్య నుంచి, చెప్పు తెగినా ఆగకుండా ఇంటికి పరుగెత్తాను. బుర్రలో ఉన్నది గుమ్మడితీగ ఒక్కటే. ఆ తీగకు కాసిన కాయ ఎవరు తింటున్నారన్నది ఆ బుర్రలో లేదు. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది దీనికే.

ఇంట్లో ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. బాపు షెడ్డు నుంచి తినడానికి వచ్చాడు. అక్క గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది, పళ్లెంలో జొన్నరొట్టె, గుమ్మడికాయ కూర. నేను గుమ్మంలోంచే మొదలుపెట్టాను.

"అమ్మా! మన భోపళా మామూలుది గాదే! మట్టిల ఎన్నేండ్ల కిందటి డీడీటీ ఉన్నా గుంజుకుంటదట! వేరే చెట్లకు శాతగాదట. మన గుంతల బాపు ఎంత చల్లిండు! అదంత పైకి తెస్తదట, లై భారీ ఉన్నదే, మస్తు ఉన్నదే మన తీగె!"

అక్క చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. "పైకి అంటే యాడికి?"

"తీగెలకు. ఆకులకు. కాయ..." అని, అప్పుడు చూశాను ఆమె చేతిలో రొట్టె ముక్క మీద పసుపుపచ్చటి కూర.

"కాయలకు గూడనా?" అంది అక్క. రెండో చెయ్యి కడుపు మీదికి పోయింది. "నెల రోజుల సంది తింటున్న గదనే?"

బాపు పళ్లెంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు. సగం అన్నం అలాగే ఉంది. మా ఇంట్లో అన్నం ముందు నుంచి లేవడం అంటే చిన్న సంగతి కాదు. పెరటి గుమ్మం దాకా పోయి, గుంత వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని షెడ్డుకు వెళ్లిపోయాడు.

అప్పుడు అమ్మ నా మీద పడింది. "నీ సదువు నా కూర మీదికే రావాల్నా? నా పిల్లకు నేను విషం పెడుతున్ననా? నెలనెలా ఆ మందు వాసన పీల్చుకుంటనే మిమ్మల్ని కన్న. మీకేమైంది? ఒకటి నోరు, ఒకటి పొట్ట, రెండూ మంచిగనే ఉన్నయి!"

"గట్ల గాదమ్మా, పుస్తకంల ఉన్నది..."

"పుస్తకం మన గుంతను చూసిందా?"

పుస్తకం నిజంగా చూడలేదు. గుంతలో మందు మిగిలి ఉందో లేదో, మా తీగ ఆ రకమో కాదో నాకు తెలియదు. తెలియకుండానే అరిచాను.

సోమవారం మేడం ముందు నిలబడి అంతా ఏకరువు పెట్టాను. ఆమె కోప్పడలేదు. "నెల రోజులు తిన్నంత మాత్రాన కొంప మునగదు, ముందు నువ్వు ఏడుపు ఆపు. కానీ ఇది ఒంట్లో కొవ్వులో చేరితే త్వరగా పోదు. కడుపుతో ఉన్న మనిషికి ఈ బెడద ఎందుకు? తేలేదాకా ఆ కాయ ఆపి వేరే కూరలు పెట్టమను," అంది. ఆ తర్వాత ఆమె కళ్లు నా కళ్ల లాగే మెరిశాయి. "పరీక్ష చేయిద్దామా? పూణేలో తెలిసిన లాబు ఉంది. కానీ పద్ధతిగా చేయాలి. అదే గింజను శుభ్రమైన మట్టిలో కూడా పెంచు. రెండూ పంపుదాం."

చెప్పొద్దూ, భయం ఒక పక్క ఉన్నా నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఊరి బయట ఎన్నడూ మందు పడని బీడు మట్టి మోసుకొచ్చి పాత పెయింటు బకెట్లో పోశాను. అమ్మ దాచుకున్న గింజల్లోంచే రెండు అడిగాను. ఆమె గింజలు నా చేతిలో పెట్టి షరతు కూడా పెట్టింది.

"పెంచుకో. పంపు. కాయిదం వచ్చేదాక నా గుంతల కాయ నేను వండుత, నా బిడ్డ తింటది. కాయిదం వచ్చినంక చూద్దాం. బస్."

అమ్మ బస్ అంటే ఇంక కోర్టు లేదు.

నెల తర్వాత బకెట్ తీగ మూరెడు మూరెడు సాగింది, గుంత తీగ ముందు బక్కచిక్కిన చెల్లెలిలా. గుంత మట్టి, రెండు తీగల కాడలు, ఆకులు, గోడ మీదున్న నాలుగు గుంత కాయల్లో ఒకటి, అన్నీ విడివిడిగా పొట్లాలు కట్టి, పేర్లు రాసి మేడంకు ఇచ్చాను. నా చేతిరాత ఎప్పుడూ అంత గుండ్రంగా రాలేదు. మిగిలిన వాటిలో ఒకదాని మీద, అవసరమైతే మళ్లీ పంపడానికని, పెన్నుతో గుర్తు పెట్టాను. ఆ మూడు కాయల్నీ అమ్మ నేను చూస్తుండగానే కోసి ఇంట్లోకి మోసుకుపోయింది. నన్ను ఉడికించడానికే.

ఇక రోజూ యుద్ధం. నేను తోటకూర తెచ్చేదాన్ని, బెండకాయలు తెచ్చేదాన్ని. అమ్మ అవీ వండేది, పక్కన గుమ్మడికాయ కూరా పెట్టేది. అక్క రెండూ తినేది. పైగా నన్ను చూస్తూ ముసిముసిగా నవ్వేది.

"ఏందక్కా నీ నవ్వు? కడుపుల ఉన్నదాని గురించి సోయి ఉన్నదా నీకు?"

"అమ్మ మనసు కష్టపెట్టుకుంటది గదే. జరంతే తింటున్నలే," అని ఇంకో ముక్క నోట్లో వేసుకునేది. నాకు పళ్లు పటపటలాడేవి. పళ్లెం లాక్కోబోతే అమ్మ గరిటె ఎత్తేది. ఒక రోజు అక్క మొగుడికి ఫోన్ చేసి చెప్పేద్దామని కూడా అనుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో లేచే పోరుకు భయపడి ఆగాను. అన్నం ముందు ఒక్క పూట కూడా సుఖంగా కూర్చోలేదు.

ఈ లోపు తీగ కాయడం మానేసింది. పూలు బుట్టలకొద్దీ పూస్తున్నాయి, ఒక్కటీ నిలవడం లేదు. అమ్మ దిష్టి తగిలిందంది. ఎదురింటి వాళ్ల కళ్లే అంది. బాపు పాత చెప్పు ఒకటి తాడుకు కట్టి పందిరికి వేలాడదీసింది.

ఒక పొద్దున ముఖం కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే బాపు పందిరి కింద ఉన్నాడు. తన చెప్పు తన తల మీదే ఊగుతోంది. గుమ్మడిలో ఆడ పువ్వు కింద గోలీకాయంత పిందె ఉంటుంది. ఆ పువ్వుల్నే ఏరి ఏరి తుంచుతున్నాడు, తుంచి చొక్కా జేబులో వేసుకుంటున్నాడు. మగ పూల జోలికి పోవడం లేదు. అమ్మకు పూలు కనబడాలి, కాయలు మాత్రం పడకూడదు.

"బాపూ!"

ఆయన ఉలిక్కిపడి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "గట్టిగ మాట్లాడకు. మీ అమ్మ లేస్తది."

"నువ్వు నమ్మినవా? కాయిదం ఇంక రాలే గదా?"

"కాయిదం నీకు గావాలె బిడ్డా. చల్లినోన్ని నేను, నాకు తెల్వదా?" అని ఇంకో పువ్వు తుంచాడు. "ఆమెకు చెప్పకు. దాన్ని పిల్ల లెక్క సాదుకుంటుంది. ఉన్నయి అయిపోతయి, కొత్తయి రావు. గంతే."

ఆ రోజు నుంచీ నా నోట్లో నువ్వుగింజ కాదు, రోకలిబండ నానింది. అమ్మ ఎదురింటి వాళ్లను తిడుతుంటే నవ్వు ఆపుకోలేక గుడ్డ నోట్లో కుక్కుకునేదాన్ని. లాబులో చుక్క చుక్క కొలిచేదాన్నే, మూడు కాయలు ఇన్ని వారాలు ఎలా వస్తున్నాయో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

అక్కకు తొమ్మిదో నెల నడుస్తుండగా రిపోర్టు వచ్చింది. మేడం కాగితం నా చేతికిచ్చి, "నువ్వే చదువు" అంది. చదివాను. గుంత మట్టిలో ఉంది. గుంత తీగ కాడలో ఉంది, బాగానే ఉంది. ఆకులో అంతకంటే తక్కువ, కాయలో ఇంకా తక్కువ, అయినా ఉంది. బకెట్ తీగలో యంత్రానికి అందేంత లేదు. ఒకే కాయ గింజలు, రెండు చోట్ల మట్టి, రెండు కథలు! నేను లాబులో ఎగిరి గంతేశాను, నిజంగా గంతేశాను, పిల్లలంతా చూశారు. మేడం కూడా చప్పట్లు కొట్టింది. ఆ సంతోషంలోనే అడగాల్సిన ప్రశ్న ఒకటి అడిగాను. అంతకు ముందు వారమే అక్కను చూసే డాక్టరమ్మను కూడా అడిగి ఉన్నాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. ఆ మాట జాగ్రత్తగా మూట కట్టుకుని ఇంటికి పరుగు తీశాను.

బాపు షెడ్డులో ఉన్నాడు. అమ్మ బీడీలు చుడుతోంది, అక్క పక్కన పడుకుని ఉంది. ఈసారి గుమ్మంలో అరవలేదు. చెప్పులు విప్పి, నీళ్లు తాగి, అమ్మ ముందు కూర్చుని మెల్లగా చదివాను.

అమ్మ చాట పక్కన పెట్టింది. లేచి, బీడీ ఆకు గోనెసంచుల వెనక నుంచి ఇంకో సంచి ఈడ్చుకొచ్చి నా ముందు బోర్లించింది. మూడు గుమ్మడికాయలు. మూడూ చెక్కుచెదరలేదు. ఒకదాని మీద నేను పెన్నుతో పెట్టిన గుర్తు కూడా అలాగే ఉంది.

"ఇగో నీ భోపళాలు."

"మరి వండింది?"

"అశోక్ చౌక్ల బండి మీద ముక్కలు కొన్న. కడుపుతోని ఉన్న పిల్లకు కాయిదం వచ్చేదాక పెడుత అనుకున్నవా? నువ్వు మొదటిరోజు చెప్పినప్పుడే నా చెయ్యి ఆగిపోయింది."

అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. ఈమెకు మొదటి నుంచీ తెలుసు! ఇన్ని వారాలు నన్ను ఉడకబెట్టి పక్కన కూర్చుని తిన్నారు ఇద్దరూ. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ కలిసి నవ్వొచ్చింది.

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే వాడకట్టుకు చెప్పినట్టే. మీ బాపుకు తెలుస్తది." అమ్మ గొంతు తగ్గింది. "నేను వండుడు ఆపిన అంటే, ఆయన చల్లింది విషమని నేను ఒప్పుకున్నట్టే గదా. ఆ రోజు అన్నం ముందు నుంచి లేసిండు చూడు, ఆ మొఖం నేను మల్ల చూడలేను. సాయంత్రం వస్తడు. కాయల ఏం లేదని చెప్పు."

చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను. ఈయన ఆమె కోసం పువ్వులు తుంచి జేబులో దాచుకుంటున్నాడు, ఈమె ఆయన కోసం కాయలు సంచిలో దాచి బజారు ముక్కలు వండుతోంది. కాగితం కావాల్సి వచ్చింది నా ఒక్కదానికే.

బాపు వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. "వచ్చిందా కాయిదం?" అన్నాడు. అమ్మ నా వైపు గుడ్లురిమి చూసింది.

అబద్ధం నా చేత కాదు. నిజంలో చెప్పదగిన నిజం వెతుక్కున్నాను. "వచ్చింది బాపు. గుంతల మందున్నది. తీగె దాన్ని గుంజి పైకి తెస్తుంది, మంచిగ తెస్తుంది. మనం కాయ తినకుండ, తీగెను ఏటా పీకి మా లాబు చెత్తల పంపితే, జర జర గుంత సాఫ్ అయితది. మేడం తీసుకపోత అన్నది. మేకలకు ఎయ్యద్దు, పొయ్యిల పెట్టద్దు."

"అంటే అది మనకు కూలికి వచ్చినట్టే," అన్నాడు బాపు.

"అవు బాపు. ఫుకట్ కూలి."

ఆయన అమ్మ వైపు చూశాడు. ఆమె ఏమంటుందో అని. తర్వాత పెరట్లోకి చూసి నెమ్మదిగా అన్నాడు: "ఆ చెప్పు దించు. ఎదురింటోళ్లను తిట్టకు. దిష్టి నాదే." జేబులోంచి ఆ పొద్దుటి పువ్వులు తీసి గట్టు మీద పెట్టాడు, వాడిపోయి ఉన్నాయి.

అమ్మ ఆ పువ్వుల్ని చూసింది. లోపలికి పోయి గోనెసంచి తెచ్చి పువ్వుల పక్కన పెట్టింది. బాపు కాయల్ని లెక్కపెట్టాడు, మూడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ముందు నవ్వారో నాకు గుర్తు లేదు. అక్క మాత్రం "నన్ను నవ్వియ్యకుర్రి, కాన్పు ఈడ్నే అయితది" అని మొత్తుకోవడం గుర్తుంది.

నవ్వు ఆగాక బాపు గుంత గట్టు మీద, ఒకప్పుడు నేతకు కూర్చున్న చోటే కూర్చున్నాడు. గుప్పెడు మట్టి తీసి వేళ్లతో నలిపాడు.

"మీరిద్దరు గీ గుంతలనే ఆడుకునేటోళ్లు. నేను చల్లినంక పొద్దుగాల్నే దిగేటోళ్లు. మీల గూడ ఉంటదా అది?"

ఆ ప్రశ్న ఆయన ఇన్ని వారాలూ మోస్తున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. రోజూ మా ముఖాలు చూస్తూ మోశాడు.

"కొంచెం ఉండొచ్చు బాపు. నీల గూడ ఉండొచ్చు. ఆ కాలపోళ్లు శానామందిల ఉంటదట."

"మరి దీని పాలు?" అక్క వైపు చూపించాడు. అక్క నవ్వు ఆగిపోయింది.

ఇక్కడ నేను మూట విప్పాను. "డాక్టరమ్మను అడిగిన, మేడంను అడిగిన. పాలియ్యాల్సిందేనట. అమ్మపాల మేలు ముందల ఇది ఎంతది అన్నరు. భయం పెట్టుకోవద్దన్నరు. కొత్తది లోపలికి పోకుండ చూసుకుంటే చాలట." గుమ్మంలో అరవకుండా అంతసేపు దాచుకున్న మాట అది. అక్క కళ్లు తుడుచుకుంది. బాపు తల ఊపాడు, రెండుసార్లు.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా ఉంది, నోరు నాకంటే పెద్దది. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసినప్పుడు అమ్మ బకెట్ తీగకు కాసిన ఒకే ఒక్క కాయ కోసింది. కొబ్బరికాయంత కూడా లేదు, ఒక పక్క వంకర. అందరికీ చింతగింజంత ముక్క వచ్చేలా వండి, మిగిలినదంతా అక్క పళ్లెంలో పెట్టింది. బాపు తన ముక్క కూడా అందులోనే వేశాడు. బకెట్లు ఇప్పుడు ఐదున్నాయి, వరసగా గోడ మీద.

ఈసారి మొదటి వాన పడ్డ పొద్దున నేను కాలేజీకి బయల్దేరుతుంటే బాపు గుంతలో వంగి గింజలు పెడుతున్నాడు. గోడ మీద బొగ్గుతో 'తినొద్దు' అని తెలుగులో రాశాడు, కింద అదే మాట మరాఠీలో. పిల్ల గట్టు వైపు పాకుతుంటే అమ్మ వచ్చి ఎత్తుకుపోయింది.

"ఎన్నేండ్లు పడుతదే ఇది సాఫ్ కానీకి?" అన్నాడు తల ఎత్తకుండా.

"తెల్వదు బాపు. శానా ఏండ్లు పట్టొచ్చు."

"పట్టనీ," అని ఇంకో గింజ మట్టిలోకి నొక్కాడు. "చల్లుడు గూడ శానా ఏండ్లు చల్లిన."